మనసు విప్పి మాట్లాడమన్న రోజు

ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లకు దగ్గరగా పనిచేసి రిటైరయ్యాను. బండ్ల బ్రేకులకు వాడే రబ్బరు గొట్టాలు చేసే ఫ్యాక్టరీ అది. నేను చేరినప్పుడు మా విభాగాన్ని పర్సనల్ అనేవారు. తర్వాత హెచ్.ఆర్. అన్నారు. బోర్డు మారింది గానీ పని మారలేదు. హాజరు, సెలవులు, తగాదాలు, ఉత్తరాలు. ముఖ్యంగా ఉత్తరాలు.

హెచ్.ఆర్. కోర్సు చదువుతున్న తెలుగు పిల్లలు కొందరు ఢిల్లీ మునిర్కాలో గదులు తీసుకుని ఉంటారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు ఆంటీ, యూనియన్ వాళ్లతో ఎలా మాట్లాడాలి ఆంటీ అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబులు వాళ్ల పుస్తకాల్లోనే ఉన్నాయి. నేను రాసేది పుస్తకాల్లో దొరకదు. పై అధికారి గురించి ఉన్నమాట మొహం మీద అనేసిన ఒక మనిషి ఏమయ్యాడు, అందులో నా చేయి ఎంత అన్నది. చదివాక ఈ ఉద్యోగం వద్దనుకునేవాళ్లు ఉంటే నేను ఆపను.

బత్రా సాబ్

మా ప్లాంట్ హెడ్ పేరు బత్రా. ఆయన్ని దుర్మార్గుడిగా చూపించి నేను పక్కకు తప్పుకోవచ్చు, కానీ అది అబద్ధమవుతుంది. పని క్షుణ్ణంగా తెలిసిన మనిషి. మిషను శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పేవారు. మా వారికి గుండె ఆపరేషన్ జరిగినప్పుడు ఆస్పత్రి వరండాలో రెండు రోజులు నాతోపాటు కూర్చున్నారు. క్లర్కుగా చేరిన నన్ను మేనేజర్ కుర్చీలో కూర్చోబెట్టింది కూడా ఆయనే.

ఆయనకున్న జబ్బు ఒకటే. చెడ్డ కబురు తెచ్చిన మనిషిని భరించలేరు. లైను ఆగిందని చెప్పడానికి వచ్చినవాడే లైను ఆపినట్టు అరిచేవారు. పదిమంది ముందు ఫైలు విసిరేవారు. సాయంత్రానికి అదంతా మరిచిపోయి ఆ మనిషికే టీ తెప్పించేవారు. టీ తాగినవాడు మాత్రం మరిచిపోయేవాడు కాదు. మర్నాటి నుంచి ఆయన గదిలోకి చెడ్డ కబుర్లు రావడం తగ్గిపోయేది. అది తన క్రమశిక్షణ వల్లే అనుకునేవారు ఆయన.

టెస్టింగ్ ల్యాబు ఇన్‌ఛార్జి శ్రీనివాసులు. అనంతపురం దగ్గరి మనిషి, నాకంటే పన్నెండేళ్లు చిన్న. ప్రతి విడతలోంచి కొన్ని గొట్టాలు తీసి, నీళ్ల ఒత్తిడి పెంచుకుంటూ పోయి, ఎంత ఒత్తిడికి పగులుతుందో గోడ మీది గేజులో చూసి రిజిస్టర్లో రాయడం ల్యాబు పని. ఉండాల్సినదానికంటే తక్కువలో పగిలితే ఆ విడత మొత్తం ఆపాలి. బ్రేకు గొట్టం కాబట్టి అది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ఫ్యాక్టరీలో తెలుగువాళ్లం మేమిద్దరమే. నాది తెనాలి. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు నా గోంగూర అతనికి, అతని భార్య పద్మ చేసిన ఊరుబిండి పచ్చడి నాకు. ఆ పావుగంటా ఇద్దరం హిందీ నుంచి సెలవు తీసుకునేవాళ్లం.

ఆ శనివారం

యజమానిగారి కూతురు అప్పుడే డైరెక్టరైంది. బయటి దేశంలో చదివి వచ్చిన పిల్ల. ఉద్యోగులు భయపడకుండా మాట్లాడే వాతావరణం తేవాలని ఆమె సరదా. సరదా అంటున్నాను గానీ ఆమెకు చిత్తశుద్ధి లేకపోలేదు. గురుగ్రామ్ నుంచి ఒక కన్సల్టెంటును పిలిపించి, ఒక శనివారం అందరినీ ట్రైనింగ్ హాల్లో కూర్చోబెట్టమంది. ఆ ఏర్పాట్లన్నీ నావి. క్యాంటీన్ గోడ మీద ‘ఖుల్‌కర్ బోలో’ అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాను. మనసు విప్పి మాట్లాడండి అని.

ముందురోజు డబ్బాల దగ్గర శ్రీనివాసులు అడిగాడు.

“మేడం, నిజంగా చెప్పొచ్చునా? లేకుంటే ఊరికే ఆటనా ఇది?”

“చెప్పు. చెప్పడానికేగా పెడుతున్నది.”

“మీరుండారు గాబట్టి అడుగుతాండా. మీరు చెప్పమంటే చెప్తా.”

“నేనున్నానుగా,” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నేను దేని గురించీ ఆలోచించలేదు. నా కార్యక్రమం రక్తి కట్టాలి, ఎవరో ఒకరు లేచి మాట్లాడాలి, డైరెక్టరమ్మ సంతోషించాలి. అంతవరకే.

శనివారం రెండు గంటలసేపు క్యాంటీన్ రొట్టెల గురించి, బస్సు ఆలస్యం గురించి తప్ప ఎవరూ నోరు మెదపలేదు. కన్సల్టెంటు చేతులు నలుపుకుంటున్నాడు. అప్పుడు బత్రా సాబే లేచి, “మన క్వాలిటీలో లోపం ఎక్కడుంది? బేఫికర్ బోలియే,” అన్నారు, భయం లేకుండా చెప్పమని. నేను మూడో వరుసలో ఉన్న శ్రీనివాసులు వైపు చూసి తలూపాను. లెమ్మన్నట్టు.

అతను లేచాడు. అతని హిందీలో ఆడా మగా కలిసిపోతాయి. ఆ హిందీలోనే అన్నాడు: “సర్, మా ల్యాబులో రెండు గేజులున్నాయి. ఒకటి గోడ మీద ఉంది. రెండోది మీ మొహం. మేం ముందు మీ మొహం చూస్తాం. దాన్ని బట్టి గోడ మీది రీడింగ్ రాస్తాం.”

ముందు నవ్వింది డైరెక్టరమ్మ. ఆమె నవ్వగానే హాలంతా నవ్వింది. వెనక నిలబడ్డ ప్యాకింగ్ వాళ్లు చప్పట్లు కొట్టారు. అక్కడితో కూర్చుని ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు. నవ్వు విని అతనికి ఉత్సాహం వచ్చింది. చేతిలో ఉన్న నోట్‌బుక్కు బల్ల మీదికి విసిరి, మెడ నరాలు ఉబ్బించి, “కిస్‌నే బోలా రోక్‌నే కో?” అని అచ్చం బత్రా సాబ్ గొంతుతో అరిచాడు. ఎవడు ఆపమన్నాడు అని. ఈసారి కొందరు కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వులు తగ్గాక అతను మామూలు గొంతుతో, “ఈ ప్లాంటులో లోపం రబ్బరులో లేదు సర్. మీ దగ్గరుంది,” అని కూర్చున్నాడు.

బత్రా సాబ్ కూడా నవ్వారు. నడుచుకుంటూ వెళ్లి అతని భుజం తట్టి, “షాబాష్! ఇలాంటి మనిషే కావాలి నాకు,” అన్నారు. డైరెక్టరమ్మ నా దగ్గరకొచ్చి చేయి కలిపింది. ఆ సాయంత్రం ఇంటికెళుతూ ఈ ఉద్యోగంలో మొదటిసారి ఏదో మంచి పని చేశాననుకున్నాను.

సోమవారానికల్లా ‘చెహరా గేజ్’ అనే మాట ప్లాంటంతా పాకింది. చెహరా అంటే మొహం. గేటు దగ్గర ఒకరినొకరు ఇవాళ చెహరా గేజ్ ఎంత చూపిస్తోందని అడిగేవారు. నేనూ బత్రా సాబూ నడుస్తుంటే ఒకసారి మిషను వెనకనుంచి ఆ మాటా, దాని వెంట నవ్వూ వినిపించాయి. ఆయన ఆగలేదు, ఏమీ అనలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తర్వాత చాలా ఏళ్లు దీని గురించి ఆలోచించాను. ఆయన నిజాన్ని ఎలాగో దిగమింగేవారనుకుంటాను. గొట్టాలు కొనేవాళ్లు అంతకంటే ఘాటుగా ఉత్తరాలు రాసేవారు, చదివి పక్కన పెట్టేవారు. ఆయన మింగలేకపోయింది ఆ నవ్వు. యజమాని కూతురి ఎదుట తనను అనుకరించి చూపించడం. అది శ్రీనివాసులు తప్పే. పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నిజం చెప్పేటప్పుడు నవ్వు వస్తే దాని రుచి మరిగి ఇంకొంచెం చెప్పాలనిపిస్తుంది. కానీ ఆ తర్వాత జరిగింది ఆ తప్పుకు ఎన్నో రెట్లు.

చూడండి

నెలన్నర ఏమీ జరగలేదు. ఒకరోజు బోనస్ ఫైలు మీద మాట్లాడటం అయిపోయి నేను లేస్తుంటే బత్రా సాబ్ కంప్యూటర్ లోంచి తలెత్తకుండానే అన్నారు. “వో ల్యాబ్ వాలా భీ దేఖ్ లీజియే.” ఆ ల్యాబు అతని సంగతి కూడా కాస్త చూడండి.

అంతే. నా సర్వీసులో ఏ పెద్ద అధికారీ ఫలానా మనిషిని పంపించేయండని నాతో అనలేదు. చూడండి అంటారు. ఏం చూడాలో మనమే ఊహించుకుంటాం. మన ఊహ వాళ్లు కోరినదానికంటే నాలుగడుగులు ముందే ఉంటుంది. ఈ ఉద్యోగంలో తెలివైనవాళ్లనిపించుకునేది అలాగే. నేను తెలివైనదాన్నని పేరు తెచ్చుకున్నాను.

మొదటి ఉత్తరం నేనే రాశాను. ‘ల్యాబు రీడింగులు మార్చి రాస్తున్నట్టు మీరు డైరెక్టరు సమక్షంలో ఒప్పుకున్నారు. దీనిపై మీ సంజాయిషీ ఇవ్వండి’ అని సారాంశం. ఆ ఎత్తు బత్రా సాబ్‌కు తట్టలేదు. నాకు తట్టింది.

శ్రీనివాసులు కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు.

“మేడం, ఇది మీ ఇంగ్లీషే గదా?”

నేను కుర్చీ చూపించాను. అతను కూర్చోలేదు.

“‘మేం’ అన్నాను మేడం. ల్యాబులో పిల్లోళ్ల మీదికి పోగూడదని అట్లన్నా. తప్పు రీడింగ్ నేనెప్పుడన్నా రాసినానా? మీకు తెల్దా?”

“తెలుసు. ఆ ముక్కే రాసివ్వు. నేను చూసుకుంటాను.”

“అట్ల రాస్తే, మరి రాసినోళ్లెవురని అడగరా?”

అడుగుతారు. అడగాల్సింది నేనే.

అతను ఎవరి పేరూ రాయలేదు. ‘నా మాట తీరు పొరపాటు, మన్నించగలరు’ అని రెండు వాక్యాలు రాసిచ్చాడు. నేను దాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా ఫైల్లో చేర్చాను.

పదిహేను రోజులకు భివాడీ గోడౌనుకు బదిలీ. వెనక్కి తిరిగొచ్చిన సరుకు పడేసే చోటు అది. రెండు బస్సులు మారి వెళ్లాలి. ‘పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా’ అని రాశాను. పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చారని ఒక మెమో, ఇరవై నిమిషాలని ఇంకొకటి. అన్నిటి మీదా నా సంతకమే. ఏ లేబర్ కోర్టుకు వెళ్లినా ఒక్క అక్షరం తప్పుపట్టలేరు. అంత శుభ్రంగా రాశాను.

నవ్వినవాళ్లంతా ఏమయ్యారని అడుగుతారు పిల్లలు. ఎవరి మిషను దగ్గర వాళ్లున్నారు. పేర్లు చెప్పకుండా అతను కాపాడిన ల్యాబు కుర్రాళ్లిద్దరూ, అతను సంతకాల కోసం మా ప్లాంటుకు వచ్చిన రోజున క్యాంటీన్లో బల్ల మారి కూర్చున్నారు. నేను నా గదిలోనే డబ్బా విప్పుకోవడం మొదలుపెట్టాను.

పద్మ ఒకరోజు ఫోన్ చేసింది. “అక్కా, ఆయన ఇంట్లో మాట్లాడేదే మానేసినాడు. టీవీ పెట్టుకోని దాని కల్లా చూస్తా కూచుంటాడు. పాప పలకరిస్తే ఉలిక్కిపడతాండాడు. మీరన్నా సార్‌కి ఒక మాట చెప్పండక్కా.”

“చెప్తానమ్మా,” అన్నాను.

రెండుసార్లు బత్రా సాబ్ గది దాకా వెళ్లాను. మొదటిసారి తలుపు దగ్గరే వెనక్కి తిరిగాను. రెండోసారి లోపలికెళ్లాను. ఆయన నన్ను చూడగానే, “రావుగారి ఆరోగ్యం ఎలా ఉంది? మందులు టైముకి వేసుకుంటున్నారా?” అని మా వారి గురించి అడిగారు. బాగున్నారు సర్ అని చెప్పి వచ్చేశాను.

ఏడు నెలలకు శ్రీనివాసులు రాజీనామా పంపాడు. ‘సొంత కారణాల వల్ల’ అని రాశాడు. అలా రాస్తే బాగుంటుందని సలహా ఇచ్చింది కూడా నేనే.

ఒక ఫోను

ఇక్కడి వరకు విన్నవాళ్లు, బత్రా భయపెడితే మీరేం చేస్తారు ఆంటీ, ఉద్యోగం చేసుకోవాలిగా అని నన్ను ఓదారుస్తారు. అందుకే ఇది కూడా రాయాలి.

అతను వెళ్లిన కొన్నాళ్లకు గురుగ్రామ్‌లోని ఒక పెద్ద కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. హెచ్.ఆర్. అమ్మాయి, లేత గొంతు. శ్రీనివాసుల్ని వాళ్ల ల్యాబుకు తీసుకోవాలనుకుంటున్నారు. ఇంటర్వ్యూలు అయిపోయాయి, పాత కంపెనీ మాట ఒక్కటే మిగిలింది.

“పని ఎలా చేస్తారు మేడం?”

“చాలా బాగా. అంత నమ్మకమైన మనిషిని చూడలేదు.”

“స్వభావం?”

నా గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. బత్రా సాబ్ ఆ వారం ఊళ్లోనే లేరు. ఆ ఫోను సంగతి ఎవరికీ తెలిసే అవకాశం లేదు. మంచివాడు, ఏ ఇబ్బందీ లేదు అంటే అయిపోయేది. కానీ ఈ అమ్మాయి రేపు ఎక్కడైనా బత్రా సాబ్‌ను కలిస్తే, నేను పొగిడానని చెబితే అన్న ఆలోచన ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చింది. నేను ఇంగ్లీషులో, “హి ఈజ్ ఎ లిటిల్ అవుట్‌స్పోకెన్,” అన్నాను.

తెలుగులో ముక్కుసూటి మనిషి అంటే మెచ్చుకోలు. మా ఉద్యోగంలో ఇంగ్లీషులో ఆ మాట అంటే తలుపు వేసేయమని అర్థం. ఆ సంగతి నాకూ తెలుసు, అవతలి అమ్మాయికీ తెలుసు. ఆమె, “ఓకే మేడం, అర్థమైంది, థాంక్యూ,” అంది. ఫోను పెట్టేశాక మళ్లీ చేసి సరిదిద్దుకోవచ్చు. ఆ నంబరు నా ముందే ఉంది. నేను హాజరు పట్టీ తీసి చూడటం మొదలుపెట్టాను.

ఆ ఉద్యోగం అతనికి రాలేదు. ఆ తర్వాత పెద్ద కంపెనీ ఏదీ అతన్ని తీసుకోలేదు.

పై అధికారికి భయపడటం మామూలే. ఆయన లేనప్పుడు, ఆయన అడగనప్పుడు, ఆయనకు తెలిసే వీలు లేనప్పుడు కూడా ఆయన పని మనమే చేసిపెట్టే రోజు ఒకటి వస్తుంది. అది ఎప్పుడొచ్చిందో నేను గమనించలేదు.

చివరి రోజు

నా రిటైర్మెంట్ రోజున సన్మానం, శాలువా అన్నీ అయ్యాక బత్రా సాబ్ గదికి వెళ్లాను. ఇక నాకు పోయేదేమీ లేదు. ఈసారి కూర్చోకుండానే అన్నాను.

“సర్, శ్రీనివాసులు విషయంలో మనం చాలా అన్యాయం చేశాం.”

ఆయన కళ్లజోడు తీశారు. “కౌన్ శ్రీనివాసులు?” ఎవరతను అని.

నటన కాదు. ముప్ఫై ఏళ్లు ఆయన్ని చూశాను, నటన అయితే తెలిసిపోతుంది. ల్యాబు, భివాడీ అని గుర్తుచేశాను. ఆ శనివారం సంగతి చెప్పాను. కాసేపటికి ఆయన మొహం విప్పారింది.

“అచ్ఛా, ఆ మద్రాసీ! మంచి పనిమంతుడు. అలాంటివాళ్లు ఇప్పుడు దొరకడం లేదు. ఛోడ్ క్యోం గయా థా?”

ఎందుకు మానేసి వెళ్లిపోయాడని నన్నే అడిగారు.

ఆయన ఎప్పుడో మరిచిపోయారు. బహుశా ‘చూడండి’ అన్న వారానికే మరిచిపోయి ఉంటారు. ఆ తర్వాతి ఉత్తరాలు, బదిలీ, మెమోలు, ఆ ఫోను, అవన్నీ ఎవరి కోసం చేసినట్టు? ‘సొంత కారణాలని రాశాడు సర్’ అన్నాను. ఆయన అయ్యో అన్నట్టు తలూపి, డ్రైవరు నన్ను ఇంటిదాకా దింపుతాడని చెప్పారు.

హర్షిత

ఈమధ్య సరోజినీ నగర్ మార్కెట్లో వెనకనుంచి “అక్కా!” అన్న పిలుపు వినిపించింది. పద్మ. పక్కన పొడుగ్గా ఒక అమ్మాయి, చేతిలో రెండు మూడు కుర్తీలు. నేను స్కూలు యూనిఫారంలో చూసిన వాళ్ల పాప హర్షిత. నోయిడాలో ఉద్యోగం వచ్చిందట, ఆఫీసుకు వేసుకోవడానికి బట్టలు కొనుక్కుంటున్నారు. ఆదివారం భోజనానికి రావాల్సిందేనని పద్మ పట్టుబట్టింది. ఆమెకు నా మీద ఏ కోపమూ లేదు. ఆమెకు ఏమీ తెలియదు.

వెళ్లాను. ఫోను సంగతి చెప్పాలనే వెళ్లాను. మెట్రోలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

శ్రీనివాసులు ఇప్పుడు వాళ్ల సెక్టార్ మార్కెట్లో ఒక నీళ్ల పంపుల కొట్టులో కౌంటరు దగ్గర కూర్చుంటున్నాడు. జుట్టంతా నెరిసింది. గొంతు తగ్గిపోయింది. పద్మ కూర్చోమంటే కూర్చున్నాడు, నీళ్లు తెమ్మంటే తెచ్చాడు. అన్నిటికీ సరే అన్నాడు. ఆ హాల్లో నిలబడి అరిచిన గొంతు ఇదేనంటే ఎవరూ నమ్మరు.

భోజనాలయ్యాక నేను నోరు తెరవబోతుంటే అతనే అన్నాడు.

“మేడం, ఎల్లుండి పాప జాయినింగు. మీరు పెద్ద ఆఫీసులు చూసినారు. కొంచెం బుద్ధి చెప్పండి. ఆడ నోరు మూసుకోని ఉండమని చెప్పండి. నా మాట వినదు, మీరు చెప్తే వింటాది.”

హర్షితకు తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. “పాపా, ఇత్‌నా భీ క్యా డర్‌నా!” అని, మరీ అంత భయమా నాన్నా అన్నట్టు నవ్వి నా వైపు తిరిగింది. “ఆంటీ, బాస్ ఖుద్ పూఛే తో? తబ్ భీ సచ్ నహీఁ బోలూఁ?”

బాస్ తనంతట తనే అడిగినా నిజం చెప్పొద్దా అని.

ఆ పిల్ల మొహంలో వెక్కిరింత లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. గిన్నెలు తీస్తున్న పద్మ కూడా ఆగింది. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. నేను ఎంత వెతికినా ఒకే జవాబు దొరికింది.

“అడిగితే అంతా బాగుందని చెప్పమ్మా,” అన్నాను.

“విన్నావా?” అన్నాడు శ్రీనివాసులు కూతురితో. తర్వాత లేచి వచ్చి రెండు చేతులతో నా చేయి పట్టుకున్నాడు. “థాంక్స్ మేడం. మీరు మాకు ఎప్పుడూ మంచే చెప్పినారు.”

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.